ఎడమవైపు చెట్టుకు మంజూరు

కష్టపడి సంపాదించిన డబ్బును దుమ్ముగా మార్చేందుకు మనిషి ఇంతవరకూ కనిపెట్టిన పద్ధతులన్నింటిలోకీ అత్యంత క్రమశిక్షణ గలది అమెచ్యూర్ కార్ల ర్యాలీ. మిగతా పద్ధతుల్లో డబ్బు ఎటు పోయిందో తెలియక మనిషి అయోమయంలో పడతాడు. ర్యాలీలో ఆ ఇబ్బంది లేదు. వెనక్కి చూసుకునే అద్దంలో, పోతున్నది పోతున్నట్టే కనిపిస్తుంది.

తెలియనివారికి నాలుగు మాటలు. ఊరి బయట మట్టిరోడ్డొకదాన్ని ఒక పూట మూసేస్తారు. కార్లు ఒకదాని తర్వాత ఒకటి బయలుదేరతాయి. తక్కువ సమయంలో చివరికి చేరినవాళ్ళు గెలిచినట్టు. డ్రైవరు పక్కన సహచరుడనే మనిషి కూర్చుని, రాబోయే మలుపులను ముందుగా కాగితంలో చూసి చదువుతుంటాడు. డ్రైవరు వింటుంటాడు (వినాలని నిబంధన).

ఈ క్రీడకు అంకితమైన ఒకాయనకు బజారులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషి. ర్యాలీ మైదానంలో ఆయన్ని అందరూ ‘కళ్ళద్దాలు’ అని ముద్దుగా పిలిచేవారు. ఆయన కారు చిన్నది, పాతది. కాలం చేసిన మూడు కార్ల తలుపులు దానికి బిగించి ఉండటం వల్ల, ఏ వైపు నుంచి చూసినవాడికి ఆ వైపు రంగు కారులా కనిపించేది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ గెలవలేదు. దానికి ఆయన టైర్లనూ, వాననూ, వాన పడకపోవడాన్నీ, పక్కన కూర్చుని చదివే బావమరిది ఉచ్చారణనూ కారణాలుగా చూపేవాడు.

సమాఖ్య దృష్టిలో ఆయన ఆదర్శ క్రీడాకారుడు. ఎందుకంటే అమెచ్యూర్ ర్యాలీ సమాఖ్య నియమావళి మొదటి పేజీలోనే ఇలా ఉంది: “అమెచ్యూర్ అనగా ఈ క్రీడ వలన నష్టపోవు వ్యక్తి. లాభపడినచో ప్రొఫెషనల్‌గా పరిగణింపబడును. లాభమూ నష్టమూ లేనిచో విచారణ జరుపబడును.”

అయితే సభ్యులు మరీ అతిగా ఆదర్శవంతులైపోతున్నారని సమాఖ్యకు జాలి కలిగింది. ఖర్చులు అదుపు చేసేందుకు వ్యయ వివేక ఉపసంఘం ఏర్పాటైంది. ఖర్చు తగ్గించాలంటే ఆఫీసు కావాలి, ఆఫీసుకు ఏసీ కావాలి, రబ్బరు ముద్ర కావాలి, ముద్ర వేయడానికి మనిషి కావాలి, ఆ మనిషి సెలవు పెట్టిన రోజున ముద్ర వేయడానికి ఇంకో మనిషి కావాలి. అందుచేత ప్రవేశ రుసుమును రెట్టింపు చేశారు. ఉపసంఘం అధ్యక్షుడు లిఫ్టుల తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నిలువుగా తప్ప మరే దిశలోనూ ఆయన వేగాన్ని ఆమోదించేవాడు కాదు.

ఉపసంఘం తొలి ఆదేశం ప్రకారం ప్రతి పోటీదారూ సీజను మొదలవకముందే బడ్జెట్ సమర్పించాలి. టైర్లు, పెట్రోలు, బీమా, మరమ్మతులు, అన్నింటికీ విడివిడిగా పద్దులు. చివర్లో ‘అనుకోని ఖర్చులు’ అనే పద్దు. దాని కింద చిన్న అక్షరాల్లో సూచన: అనుకోని ఖర్చులను ముందుగా అనుకొని, వివరంగా రాయవలెను.

కళ్ళద్దాలాయన షాపులో గిరాకీ లేని వేళ కూర్చుని నిజాయితీగా ఆలోచించాడు. గత అనుభవాన్ని బట్టి ఆ గడిలో ‘చెట్టు’ అని రాశాడు.

వారంలో కాగితం వెనక్కి వచ్చింది. ఏ చెట్టో, రోడ్డుకు ఏ వైపు చెట్టో స్పష్టత లేదని ఉపసంఘం అభ్యంతరం. ఆయన బాగా ఆలోచించి ‘ఎడమవైపు చెట్టు’ అని దిద్ది పంపాడు. ఎడమవైపు చెట్టుకు మొత్తం మంజూరైంది. పనిలో పనిగా ఇంకో కాగితం కూడా జత చేయమన్నారు. దాని పేరు గృహ నిరభ్యంతర పత్రం. ఇంత డబ్బు ఇలా పోవడంలో తనకేమీ అభ్యంతరం లేదని జీవిత భాగస్వామి సంతకం చేయాలి.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో కొనుగోళ్ళ అధికారి. దూది దగ్గర్నుంచి స్కానింగ్ మిషన్ దాకా ఆవిడ బేరమాడని వస్తువు లేదు. ఆవిడ గదిలోకి నవ్వుతూ వెళ్ళిన సప్లయర్లు, ధర తగ్గించి ఇచ్చి, పైగా థాంక్స్ చెప్పి బయటకు వచ్చేవారు. రోజూ ఇంటి కారు తానే నడుపుకొని వెళ్ళేది. ఏళ్ళ తరబడి ఆ కారుకు ఒక్క గీత పడలేదు. అది ఆవిడ భయమని ఆయన అభిప్రాయం.

ఆయన పత్రాన్ని ఆవిడ ముందు పెట్టి, ఇది ఉత్త లాంఛనమే అన్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది (షాపుదే, డబ్బిచ్చి కొనుక్కుంది). బడ్జెట్ మొత్తం చదివింది. ఇందులో ఆవిడకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. బాత్రూము కుళాయి మూడేళ్ళుగా మరమ్మతులో ఎందుకుందో ఆవిడకు మొదట్నుంచీ తెలుసు. తెలియనిదల్లా, దీనికి పద్ధతిగా పద్దులున్నాయని మాత్రమే.

సంతకం పెడతానంది. కానీ ఖర్చు తాను చూస్తానంది.

ఆ మర్నాడు టైర్ల షాపులో ఆవిడ ఒక గంట గడిపింది. షాపు ఓనరు కొత్త టైర్ల ధర తగ్గించడమే కాక, తన సొంత పిల్లల చదువుల ఖర్చు గురించి ఆవిడ సలహా అడిగాడు. మెకానిక్ బిల్లులో ‘ఇతరములు’ అనే మాట ఉంటే, ఆ ఇతరాలు ఏవో చేత్తో పట్టుకొచ్చి చూపించమంది. మెకానిక్ లోపలికి వెళ్ళి చాలాసేపు వెతికి, ఆ మాట కొట్టేశాడు. ఆఖరున ఆవిడ చూపు ‘సహచరుడు’ అనే పద్దు మీద పడింది. ఆ సహచరుడు ఆవిడ సొంత తమ్ముడు. అతని పేరిట రాసిన టిఫిన్లూ భోజనాలూ, మధ్యలో నీరసం రాకుండా తీసుకున్నవీ కలిపితే, పెట్రోలు కంటే ఎక్కువ తేలాయి.

“కారు కంటే వీడి మైలేజీ తక్కువ,” అందావిడ. “వీణ్ణి తీసేయండి. కాగితం చూసి చదవడమే కదా, నేను చదువుతాను.”

కళ్ళద్దాలాయన బెదిరిపోయాడు. అది ఆడవాళ్ళ పని కాదని అనబోయి, ఆవిడ ముఖం చూసి, అది చాలా దుమ్ముతో కూడిన పని అన్నాడు. దుమ్ము ఇంట్లో కూడా తానే దులుపుతోందని ఆవిడ గుర్తుచేసింది. తమ్ముడు మాత్రం అలిగి, అక్క ఇంటికి భోజనానికి రావడం మానేశాడు. ఆ మిగులును కూడా ఆవిడ బడ్జెట్‌లో చూపించింది.

ర్యాలీ రోజున మూడు రంగుల కారులో మొగుడూ పెళ్ళాలు హెల్మెట్లు పెట్టుకుని కూర్చున్నారు. జెండా ఊగింది. ఆవిడ కొనుగోళ్ళ కమిటీ ముందు కొటేషన్లు చదివే గొంతుతో మలుపులు చదవసాగింది. ఎడమ, తేలిక మలుపు. నేరుగా. తర్వాత గుంత. ఆయన ప్రతిదానికీ ‘ఊఁ’ అన్నాడు. అది ఆయన పేపరు వెనక నుంచి సంసారం పొడుగునా అన్న ఊఁ. కుళాయి సంగతికీ, కరెంటు బిల్లుకీ, ఆవిడ పెదనాన్న ఆపరేషనుకీ అన్నదీ అదే.

“కుడి, గట్టి మలుపు. లోపలికి కోయొద్దు,” అందావిడ.

“ఊఁ,” అని ఆయన మలుపు లోపలి అంచు మీదుగా అడ్డంగా కోశాడు.

చప్పుడు ఆగి, దుమ్ము కాస్త విడిపోయాక చూస్తే, ముందు బంపరు ఊడి పడి ఉంది. చెట్టుకు బెరడు లేచింది. స్టీరింగు గిర్రున తిరిగిన విసురుకు ఆయన మణికట్టు బెణికి, అప్పుడే వాపు తేలుతోంది. ఆవిడకు ఏమీ కాలేదు. ఆవిడ కిందికి దిగి, ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎముక విరగలేదని తేల్చుకుంది. అప్పటిగ్గానీ చెట్టు వైపు తిరగలేదు. దాన్ని కింది నుంచి పైదాకా పరిశీలించింది.

“మీరు రాసింది ఎడమవైపు చెట్టు కదండీ,” అంది.

ఆయన ఊడిన బంపరు వైపు చూశాడు. ఇంజను మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇద్దరిలో లైసెన్సు ఉన్నవారెవరైనా నడపవచ్చని నియమావళిలో ఒక వాక్యం ఉంది (ఎవరూ చదవని పేజీలో ఉంది, ఆవిడ చదివింది). ఇక్కడ ఆగిపోతే ప్రవేశ రుసుము మొత్తం వృథా అని ఆవిడ బాధ. ఆయన్ని పక్క సీట్లోకి జరగమని, కాగితాలు చేతికిచ్చి, బెల్టు బిగించుకుంది.

మొదటి రెండు మలుపులూ నెమ్మదిగానే తీసింది. మూడోదాని దగ్గర్నుంచి నెమ్మది పోయింది. ఆయన చదువుతున్నాడు, ఆవిడ వింటోంది. అంతకంటే ఆవిడ చేసిన విశేషం ఏమీ లేదు. కుడి అంటే కుడికి తిప్పింది, కోయొద్దంటే కోయలేదు. పాపం, ఇన్నాళ్ళూ బావమరిది చదివినవన్నీ సరైన మలుపులేనని కళ్ళద్దాలాయనకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. అది సంతోషించదగ్గ సమాచారంగా ఆయనకు తోచలేదు.

ఒక మిట్ట దగ్గర కారు నాలుగు చక్రాలతోనూ నేలను వదిలింది. గాలిలో ఉన్నంతసేపూ ఆవిడ నవ్వింది. చిన్నపిల్ల ఉయ్యాల మీద నవ్వినట్టు, పైకే నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. పెళ్ళైన కొత్తలో విన్నాడా, ఇంకా తర్వాత కూడానా అని ఆయన గుర్తుచేసుకుంటుండగా కారు నేలకు దిగింది.

“చదవండి,” అంది ఆవిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చెట్టు దగ్గర అందరికంటే వెనకబడిన కారు, చివరికి వచ్చేసరికి సమయాల లెక్కలో సగం మందిని దాటి ఉంది. బంపరు లేకుండా అంత పైకి ఆ కారు ఎన్నడూ రాలేదు. ఉన్నప్పుడూ రాలేదు.

నెల తిరక్కుండా ఉపసంఘం నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఎడమవైపు చెట్టుకు మంజూరు పొంది కుడివైపు చెట్టును వినియోగించుట తీవ్రమైన వ్యత్యాసం. ఇద్దరూ హాజరయ్యారు. అధ్యక్షుడు పెద్ద బల్ల వెనక నుంచి, ఎడమవైపు చెట్టు తాలూకు మొత్తం వాడుకోనందున మురిగిపోయిందనీ, కుడివైపు చెట్టుకు అసలు మంజూరే లేదనీ విచారంగా చెప్పాడు. కళ్ళద్దాలాయన కట్టు కట్టిన చేతిని పైకెత్తి చూపించాడు. చెయ్యి వైద్య విభాగం కిందికి వస్తుందని, ఇక్కడ చెట్టు గురించే మాట్లాడమని అధ్యక్షుడు మందలించాడు.

అప్పుడు ఆయన భార్య లేచింది. చెట్టు ఉన్న స్థలం మారింది తప్ప చెట్ల సంఖ్య పెరగలేదని విన్నవించింది. అధ్యక్షుడు తల పంకించాడు. అంత స్పష్టంగా ఆలోచించే మనిషి ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. ఖర్చు అసలు ఎక్కడ పుడుతోందో, దాన్ని ఎలా నిర్మూలించవచ్చో వచ్చే సీజను అంచనాలతో పాటు రాసివ్వమని ఆవిణ్ణి కోరాడు.

ఆవిడ రాసింది. పాత రికార్డంతా ముందేసుకుని, బంపర్లూ, తలుపులూ, టైర్లూ, చెట్లూ వరుసగా పరీక్షిస్తే, అన్ని ఖర్చుల మూలం ఒకే చోట తేలింది. ఆ పద్దును తొలగిస్తే ఖర్చు సగానికి పడిపోతుంది. ఆ పద్దు పేరు డ్రైవరు.

కొత్త బడ్జెట్‌లో డ్రైవరు ఆవిడే. సహచరుడిగా తమ్ముణ్ణి మళ్ళీ పిలిపించింది (భోజనం ఇంటి నుంచే, ఒక్క పూటే). నిబంధన మేరకు గృహ నిరభ్యంతర పత్రం కూడా జతపరచాలి. ఈసారి జీవిత భాగస్వామి కళ్ళద్దాలాయన.

వంటింటి బల్ల మీద ఆ పత్రం ఆయన ముందుంది. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. వద్దని ఒక్క మాట రాస్తే చాలు, ఈ సంగతి ఇక్కడితో ముగుస్తుంది. కారు ఆయనది. తలుపులు ఆయన వెతికి తెచ్చినవి. ఆ కారే లేకపోతే బజారులో ఆయన ఉత్త కళ్ళజోళ్ళ షాపు మనిషి.

“అంటే నన్ను తీసేస్తున్నావన్నమాట,” అన్నాడు చివరికి.

“మిమ్మల్ని కాదండీ. ఖర్చుని,” అంది. తర్వాత కత్తి పక్కన పెట్టి, మెల్లగా అంది: “మీకు ఇష్టం లేకపోతే పెట్టకండి. నేనేమీ అనుకోను.”

అనుకోననడంలో ఆవిడ అబద్ధమాడటం లేదు. మర్నాటి నుంచి మామూలుగానే ఆసుపత్రికి వెళ్తుంది, వస్తుంది, కుళాయి సంగతి అడుగుతుంది. ఆయనకు ఆ మిట్ట గుర్తొచ్చింది. గాలిలో ఉన్న కొద్దిసేపూ ఆ కారులో వినిపించినది గుర్తొచ్చింది. ఇంకేమీ ఆలోచించకుండా, బెణికిన చేత్తోనే వంకరగా సంతకం పెట్టేశాడు. ఆవిడ ఆ సంతకం వైపు చూసి, ఆ పూట ఆయనకు ఇష్టమైన కూర వండింది.

మర్నాడు షాపుకు వెళ్ళే దారిలో కాగితాలు ఉపసంఘం ఆఫీసులో ఇచ్చే పని ఆయన మీదే పడింది. మెట్ల మీద నిలబడి మొదటిసారి మొత్తం చదువుకున్నాడు. తన పేరు ఎక్కడుందోనని వెతికితే ఆఖరి పేజీలో దొరికింది. సేవా సిబ్బంది, ఒకరు: జాకీ ఎత్తుట, నీళ్ళు అందించుట, అద్దాలు తుడుచుట. ఖర్చు గడిలో ‘లేదు’ అని ఉంది. దాని పక్కన వివరణ: కొనుగోలు అవసరం లేదు, ఇంట్లో ఉన్నదే.

ఉపసంఘం ఆ బడ్జెట్‌ను వ్యయ వివేకానికి నమూనాగా ప్రకటించి, ఒకే ఒక్క అభ్యంతరం తెలిపింది: ఇంట్లో ఉన్న పాతవి వాడినప్పుడు వాటి తరుగుదల, అనగా వాడకం వలన తగ్గిన విలువ, చూపవలెను. ఆవిడ ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో ఉపసంఘం ఆఫీసు దగ్గర ఆగి, అక్కడే నిలబడి, ఆ గడి నింపి సంతకం చేసి వచ్చింది.

“తరుగుదల ఇదివరకే పూర్తయినది.”