ఊరికే నడవడానికి చీటీ

మనిషి కదలకపోతే మనసు చెడుతుందని కరోనా కాలంలో మండల ఉల్లాస విభాగం కనిపెట్టింది. (అటువంటి విభాగం ఒకటుందని ప్రజలు కనిపెట్టిందీ అప్పుడే.) కాబట్టి గడప దాటవద్దన్న అధికారులే, పొద్దున పూట గంటసేపు నడవడానికి చీటీలిస్తామని చాటించారు.

ఓర్వకల్లు దగ్గరి పల్లెలో నరసన్నకు తొలిరోజే చీటీ దొరికింది. "ఏంటికి నడవాలప్పా?" అని ఉల్లాస పర్యవేక్షకుడు ఆంజనేయ అడిగితే, "ఊర్కే సార్, ఇంట్లో పొద్దు పోవడంలే" అన్నాడు. ఆంజనేయ జాలిపడి "తీవ్ర మానసిక ఒత్తిడి" అని రాసుకున్నాడు.

దాంతో నరసన్న భార్య భీమక్కకూ ఆశ పుట్టింది. పనులూ బడులూ మూతపడ్డాక ఆ రెండు గదుల్లో తొమ్మిదిమంది చేరారు. స్నానానికి పోయినా ఎవరో ఒకరు తలుపు కొడతారు. రొట్టెలు కాలుస్తుంటే ఏడుపొస్తుంది, అడిగితే పొగ అంటుంది. ఊరవతలి రాతిగుట్టల దాకా ఒక్కతే పోయి రావాలి. అంతే.

"ఏంటికి పోవాలమ్మా?" అన్నాడు ఆఫీసులో ఆంజనేయ.

"ఊర్కే సార్."

"ఊర్కే అనేది కారణం కాదు."

"మా ఇంటాయన గూడా అదే చెప్పె గదా."

"ఆయప్ప కూసోని కూసోని బిగుసుకపోయినాడు. నువ్వు పొద్దన్నుంచీ ఏం జేస్తాండావు?"

భీమక్క దాచలేదు. నీళ్లు మోయడం, పేడ ఎత్తడం, రుబ్బడం, ఉతకడం, అత్తను లేపి కూర్చోబెట్టడం అన్నీ చెప్పింది. ఆంజనేయ ముచ్చటపడ్డాడు.

"ఇంత కసరత్తు మా ఆఫీసులో ఎవరూ చెయ్యరు. దీనిమీద నడక గూడా ఇస్తే నీ ఒళ్లేం గావాల?"

"ఒళ్లు బాగానే ఉండాది సార్. మనసే బాగలేదు."

"అట్ల కుదరదమ్మా. ఒళ్లు కదిలినోళ్లకు మనసు బాగుండాలని రూల్స్‌లో ఉండాది." ఆ నిబంధన ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాడు. నడిచొచ్చే మొగుడికి ఆకలెక్కువ, రాగి జావ కాచి పెట్టమని కూడా చెప్పాడు.

ఆఫీసు నుంచి ఇంటికి భీమక్క వీలైనంత నెమ్మదిగా నడిచింది. చాలా రోజుల తర్వాత ఒక్కతే. మలుపు దగ్గర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏమక్కా, ఊర్కే తిరుగుతాండావే, చీటీ యాడ?"

ఆమె అడుగులు వేగంగా వేసింది.

నెలాఖరుకు పైకి పోయిన నివేదికలో ఇలా ఉంది: "మగవారిలో ఒత్తిడి అధికం, చీటీలు పెంచవలెను. ఆడవారిలో ఒత్తిడి లేదు. ఉందని వచ్చిన ఒక్క మహిళకు నిబంధన చదివి వినిపించగా నయమైనది."