తినకూడని ప్రసాదం

శుక్రవారం ఉదయం రు-యిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. దారిలో గుడ్డు రొట్టె, సోయా పాలు కొనుక్కోవాలి. ఏడింటికల్లా ఆఫీసుకు చేరి, ఎవరూ రాకముందే డెమోను మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఆడి చూసుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి ఒసాకా నుంచి ఇసోబే గారు వస్తున్నారు. ఆయన వచ్చి వెళ్లేసరికి ఆమె నాలుగేళ్ల కష్టం ఆటలో ఉంటుందో చెత్తబుట్టలో ఉంటుందో తేలిపోతుంది.

తైపేలో ఒక ఆరో అంతస్తులో పదిహేడు మంది కూర్చుని తయారు చేస్తున్న వీడియో గేమ్ అది. ప్రపంచం నాశనమైపోయిన డెబ్బై ఏళ్ల తరవాత మిగిలిన మనుషుల కథ. అందులో దీపసంఘం అని ఒక మతం ఉంది. వాళ్లు ఒక పాత విద్యుత్ యంత్రాన్ని దేవతగా కొలుస్తారు. వాళ్ల స్తోత్రాలు, మడి ఆచారాలు, పాపాల పట్టిక, ప్రధాన పూజారి ప్రవచనాలు అన్నీ రాసింది రు-యిన్. మూఢభక్తిని ఎగతాళి చెయ్యడంలో ఆమెకు చెయ్యి తిరిగింది. రాస్తూ రాస్తూ తనే నవ్వుకునేది.

నవ్వనిది ఇసోబే గారొక్కరే. గేమ్‌ను అమ్మిపెట్టే కంపెనీ తరఫున చదివి మంచిచెడ్డలు చెప్పే పెద్దమనిషి ఆయన. “మీ భక్తులందరూ మూర్ఖులే. మరి మూర్ఖులు డెబ్బై ఏళ్లపాటు ఆ యంత్రాన్ని ఎలా నడిపారు?” అని ఉత్తరం రాశాడు. నమ్మశక్యంగా లేదు కాబట్టి ఈ అధ్యాయం తీసేస్తే మేలనీ, అయినా స్వయంగా వచ్చి చూసి తేలుస్తాననీ కింద చేర్చాడు. ఆ ఉత్తరం చదివిన రోజు రు-యిన్ ఇంటికెళ్లి ఏడ్చింది. ఏడ్చాక, ఆయనకు హాస్యం తెలియదని తేల్చుకుంది.

చాంద్రమానం ప్రకారం ఏడో నెల కావడంతో ఆ ఉదయం టిఫిన్ దుకాణం మూసి ఉంది. దిక్కులేక తిరిగే ఆత్మలకు నైవేద్యం పెట్టుకునే నెల అది. ఆఫీసు వాళ్లు కూడా ముందురోజు సాయంత్రం వీధిలో బల్లలు వేసి బిస్కెట్లూ పళ్లూ నూడుల్సూ పెట్టి అగరొత్తులు వెలిగించారు. ఆత్మలు తినగా మిగిలింది, అంటే మొత్తమంతా, ఆఫీసు వ్యవహారాలు చూసుకునే జిన్-లియెన్ పిన్ని అందరికీ పంచింది. రు-యిన్‌లా తొందరగా ఇంటికి వెళ్లిపోయినవాళ్ల వాటా ఎక్కడ చోటు దొరికితే అక్కడ పెట్టేసింది. దాన్ని తింటే మంచిది. తినకపోతే పిన్ని అలుగుతుంది.

ఖాళీ కడుపుతో రు-యిన్ డెమో నడిచే సర్వర్ కోసం యంత్రాల గదిలోకి వెళ్లింది. సర్వర్ మీద మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్టు ఒకటి ఆకుపచ్చగా మెరుస్తూ కనిపించింది. తన బల్ల మీద వాటా ఎందుకు లేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. పిన్ని ఇక్కడ పెట్టిందన్నమాట. అక్కడే నిలబడి చింపి, కొబ్బరి వాసన వేసే ఆ ముక్కలన్నీ తిని, అడుగున మిగిలిన పొడిని కూడా అరచేతిలో ఒంపుకుంది. తరవాత ప్యాకెట్టు వెనక్కి తిప్పింది. నల్ల పెన్నుతో ఇలా రాసి ఉంది: “అ-కున్ పెట్టినది. ఈ ఆగస్టు నుంచి వచ్చే ఆగస్టు దాకా. తల్లీ, బుద్ధిగా ఉండు.”

ఆఫీసులోని యంత్రాలన్నిటి బాగోగులూ చూసే కుర్రాడు అ-కున్. ఆ చిరుతిండి పేరుకు అర్థమే ‘బుద్ధిగా ఉండు’. ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో, రైలు స్టేషన్లలో, యంత్రం ఉన్న ప్రతిచోటా దాని నెత్తిన ఒక ప్యాకెట్టు ఉంటుంది. అది ఆకుపచ్చదే అయి ఉండాలి, తేదీ దాటకూడదు, ముఖ్యంగా ఎవరూ తినకూడదు. పసుపుదో ఎర్రదో పెట్టడమంటే యంత్రాన్ని చెడిపొమ్మని చెప్పడమే. తైవాన్‌లో పుట్టినవాళ్లందరికీ ఇది తెలుసు. రు-యిన్‌కూ తెలుసు, కాని ఆకలికి తెలియదు. తింటే పుణ్యం వచ్చే ప్రసాదమనుకుని, తింటే పాపం చుట్టుకునే ప్రసాదాన్ని ఆమె పొడితో సహా నాకేసింది.

నిజం చెప్పేస్తే అక్కడితో పోయేది. కాని మూఢభక్తి మీద మూడువందల పేజీలు రాసిన మనిషి, సర్వర్ నైవేద్యం మింగేశానని ఏ ముఖంతో చెబుతుంది? కిందికి పరిగెత్తింది. మూడు దుకాణాలు తిరిగితే, నైవేద్యాల నెల కదా, ఆకుపచ్చవన్నీ అమ్ముడైపోయి పసుపువి మాత్రం వరసగా కూర్చుని ఉన్నాయి. నాలుగో దుకాణంలో ఆకుపచ్చది దొరికింది గాని, అది కుటుంబమంతా కూర్చుని తినే పెద్ద సైజు, చంటిపిల్లల దిండంత ఉంది. దాని వెనక అ-కున్ దస్తూరీని అనుకరిస్తూ అదే మాట రాసి సర్వర్ మీద పెట్టింది. అది జారి కిందపడింది. మళ్లీ పెడితే మళ్లీ జారింది. చివరికి సర్వర్ ముందు భాగానికి ఆనించి నిలబెట్టి చెమట తుడుచుకుంది.

తొమ్మిదిన్నరకు వచ్చిన అ-కున్ దాన్ని చూసి ఆగిపోయాడు. తన చిన్న ప్యాకెట్టు ఏమైందని అడిగాడు. పెద్ద అతిథికి పెద్ద ప్యాకెట్టని బాస్ పెట్టించి ఉంటారని పిన్ని అంది. అ-కునే ముందుచూపుతో మార్చాడని బాస్ ఔయాంగ్ మెచ్చుకున్నాడు. బాస్ మెచ్చుకున్నది కాదనడమెందుకని అ-కున్ ఊరుకున్నాడు. రు-యిన్ తన గోళ్లను శ్రద్ధగా పరిశీలించుకుంది.

పదిన్నరకు సర్వర్ ఫ్యాన్ ఉన్నట్టుండి హోరెత్తింది. డెమో నత్తనడక నడిచింది. అ-కున్ ఏసీ చూశాడు, తీగలు చూశాడు, ప్రోగ్రాం అంతా తిరగేశాడు, ఎక్కడా తప్పు దొరకలేదు. ఈలోగా పిన్ని నిన్నటి మిగులులోంచి ఒక ప్యాకెట్టు తెచ్చి దిండు పక్కన నిలబెట్టి దణ్ణం పెట్టింది. అది చూసి బొమ్మలు గీసేవాళ్లు రెండు తెచ్చారు. ఇలాంటివి తను నమ్మనని ఎప్పుడూ చెప్పే బాస్, ఎవరూ చూడటం లేదనుకుని ఒకటి పెట్టాడు. ఒక్కో ప్యాకెట్టుకూ వేడి మూడు డిగ్రీలు పెరిగింది. వేడి పెరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంకో ప్యాకెట్టు తెచ్చారు. రోగి ఒళ్లు కాలిపోతుంటే మందు మీద ఎవరికి అనుమానం వస్తుంది?

పిన్ని ఒక అనాసపండు కూడా తెచ్చింది. ఆ పండు పేరు వాళ్ల మాటలో ‘కలిసొస్తుంది’ అన్నట్టు వినిపిస్తుంది గనక వ్యాపారాలకు మంచిది. అ-కున్ గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. కలిసొస్తే ఆట ఆడేవాళ్లందరూ ఒక్కసారి సర్వర్ మీద పడతారనీ, ఇవాళ ఒక్కరోజు కలిసిరాకుండా చూడమనీ బతిమాలాడు. పిన్నికి కోపం వచ్చింది. ఆఫీసు రెండుగా చీలి, సగం మంది అనాసపండు వైపు, సగం మంది అ-కున్ వైపు చేరారు. దీపసంఘంలో చీలిక తేవడానికి రు-యిన్‌కు నలభై పేజీలు పట్టింది. ఇక్కడ పావుగంట సరిపోయింది.

రు-యిన్ మాత్రం గోడ మీది తెరలో అంకెను చూస్తోంది. డెబ్బై రెండు, డెబ్బై ఎనిమిది, ఎనభై నాలుగు. చూస్తూ చూస్తూ ఆమెకు తెలిసివచ్చింది. సర్వర్ గాలి పీల్చుకునేది ముందు నుంచే. దాని ముక్కు మూసింది తన దిండే. మిగతావాళ్లు భక్తితో దాని నోరు కూడా మూసేశారు.

“ఓసారి ఈ ప్యాకెట్లన్నీ తీసి చూస్తే?” అని మెల్లగా అంది.

ఇవి ఉంటేనే ఇలా ఉంది, తీస్తే ఇంకేమన్నా ఉందా అన్నాడు బాస్. తన చిన్న ప్యాకెట్టు ఉన్నంతకాలం సర్వర్ కిక్కురుమనలేదనీ, ముందు దాన్ని తీసిందెవరో తేలాలనీ అ-కున్ అన్నాడు. గుమ్మంలో ఎవరో దగ్గారు. అరగంట ముందే వచ్చిన ఇసోబే గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో ఎవరికీ తెలియదు.

బాస్ ఆయన్ను గబగబా హాల్లోకి తీసుకుపోయి డెమో మొదలుపెట్టించాడు. తెర మీద దీపసంఘం ప్రధాన పూజారి రెండు చేతులూ పైకెత్తి, “ఓ వెలుగుల తల్లీ” అని బిగుసుకుపోయాడు. అర నిమిషం గడిచినా చేతులు దించలేదు. లోపలి గదిలోంచి అలారం మోగింది. ఇసోబే గారు చేతి గడియారం చూసుకున్నాడు.

నాలుగేళ్లు. పరువు దక్కించుకుంటే అవి పోతాయి, అవి దక్కాలంటే పరువు పోతుంది. రు-యిన్ లేచి యంత్రాల గదిలోకి నడిచింది. అందరూ వెనకాలే వచ్చారు.

“తిన్నది నేనే. పొద్దున ఆకలేసి, నిన్నటి ప్రసాదమనుకుని తినేశాను. ఆ పెద్దది నేనే కొనుక్కొచ్చి పెట్టాను. దానివల్లే గాలి ఆడక వేడెక్కింది,” అంది.

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అ-కున్ రు-యిన్ వైపు చూసిన చూపులో కోపం లేదు, దెబ్బతిన్నతనం ఉంది. అది చూసి ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు ఆమెకు నోరు ఇంకా లేస్తుంది.

“ఇంజనీరింగు చదివావు కదా తమ్ముడూ. నిజంగా ఇది కాపాడుతుందని నమ్ముతున్నావా?”

“అది మొక్కజొన్న పిండని నాకు తెలీదా అక్కా?” అన్నాడు అ-కున్. “చెయ్యాల్సినవన్నీ చేస్తాను. రెండుసార్లు చేస్తాను. అంతా అయ్యాక కూడా కాస్త భయం మిగులుతుంది. దాన్ని ఇంటికి మోసుకెళ్తే నిద్రపట్టదు. అందుకని ఇక్కడ పెట్టి వెళ్తాను. నువ్వు తిన్నది అదీ.”

అ-కున్ ముందుకు వంగి ఒక్కో ప్యాకెట్టునూ రెండు చేతులతో తీసి పక్కన పెట్టాడు. దిండు తీసేసరికి ఫ్యాన్ హోరు తగ్గింది. అంకె ఎనభైకి, డెబ్బైకి, అరవైకి దిగింది. హాల్లో పూజారి ప్రవచనం అందుకున్నట్టు వినిపించింది. రు-యిన్ ఆ గొంతు వింటూ నిలబడింది. తను రాసిన మాటలే అవి. మొదటిసారి అవి ఆమెకు నవ్వు తెప్పించలేదు. మూడువందల పేజీల్లో ఒక్కరికీ భయం ఉన్నట్టు ఆమె రాయలేదు. ఆ విషయం ఆమెకు చాలా బాధగా అనిపించింది.

ఇసోబే గారు మళ్లీ హాల్లోకి వెళ్లి డెమో ఓపికగా చివరిదాకా చూశాడు. చూశాక చైనీస్‌లో నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు.

“వీళ్లు ఇంకా మూర్ఖులే. కాని ఆ గదిలో ఉన్నాడే, ఆ అబ్బాయి, డెబ్బై ఏళ్లు ఆ యంత్రాన్ని నడిపింది అలాంటివాడు. అతన్ని ఎందుకు రాయలేదమ్మా?”

“ఇవాళే కనిపించాడండీ,” అంది రు-యిన్.

ఆయన మూడు నెలలు గడువిచ్చాడు. అధ్యాయం నిలిచింది, పూజారి పోయాడు. అతని చోట నూనె మరకల బట్టలతో ఒక మెకానిక్ వచ్చాడు. యంత్రం దేవత కాదని సంఘంలో అతనికొక్కడికే తెలుసు. రోజూ పని ముగిశాక అతనే అందరికంటే ఎక్కువసేపు దాని ముందు నిలబడతాడు. ఆ దృశ్యం రాసి రు-యిన్ అ-కున్‌కు చూపించింది. అతను చదివి, నూనె డబ్బా పేరు తప్పుగా ఉందని మాత్రం అన్నాడు.

ఆ శుక్రవారం దాటి వచ్చిన సోమవారమే యంత్రాల గది తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది: “రచయితలకు ప్రవేశం లేదు.” రు-యిన్ దాన్ని మక్కీకి మక్కీ దీపసంఘం మొదటి ఆజ్ఞగా ఎక్కించింది. ఆట పరీక్షించిన రెండువందల మందీ దానికి తలొక గొప్ప అర్థం చెప్పారు.