కోటమ్మ నడుములోంచి దిగిన బరువులు

లేజర్ చికిత్స జరిగిన మూడో రోజు పొద్దున్నించి కోటమ్మ నడుములోంచి, ఆమె ఇంతవరకు మోసిన బరువులు ఒక్కొక్కటే కిందికి దిగసాగాయి. జారిన డిస్కుకు లేజర్ పెడితే రాగల ఇబ్బందులన్నీ ఆమె వేలిముద్ర వేసిన కాగితంలో ఉన్నాయి. కాలి తిమ్మిరి, చీము, నరానికి వేడి తగలడం, డిస్కు మళ్ళీ జారడం. బరువులు దిగడం అయిదోది. నర్సు మంచం పక్కన చాప పరిచింది.

ముందు మిర్చి కుక్కిన గోనె టిక్కీలు దిగాయి. వార్డంతా తుమ్మింది. తర్వాత పత్తి మూటలు, కట్టెల మోపులు, నీళ్ళ బిందెలు. కొత్తవి ముందు, పాతవి వెనక. ఒక్కోటి దిగినప్పుడల్లా కోటమ్మ ఇంకాస్త నిటారుగా కూర్చునేది. ఆరు నెలలుగా ఆమె అలా కూర్చుని ఎరగదు. "ఈ మోపు నేను మోసి వాగు దాటించింది. ఆరోజు ఒకటే వాన," అనేది. నర్సు చీటీ అంటించి స్టోరుకు పంపేది.

సాయంత్రానికి చివరి బరువు దిగింది. నాలుగేళ్ళ పిల్లాడు. ముక్కు కారుతోంది, చేతిలో విరిగిన పలక ముక్క. చిన్నప్పుడు అమ్మ కూలికి పోతే కోటమ్మ వాణ్ణి చంకనెత్తుకుని బడికి వెళ్ళేది. వాడు ఏడుస్తాడని పంతులుగారు లోపలికి రానిచ్చేవారు కాదు. కిటికీ బయట నిలబడి పదమూడో ఎక్కం దాకా నేర్చుకుంది.

తోడుగా వచ్చిన తమ్ముడు అంకారావుకు యాభై ఏళ్ళు. పిల్లాణ్ణి ఎగాదిగా చూశాడు.

"వీడు నేనే గదా అక్కా?"

"నువ్వేరా. ఎంత ముద్దుగా ఉండేవాడివో!"

"ఒకే మనిషి రెండు వయసుల్లో వార్డులో ఉండకూడదు," అంది నర్సు. "చిన్నాయన్ని స్టోరుకు రాసెయ్యనా?"

పిల్లాడు కోటమ్మ వైపు రెండు చేతులూ చాపాడు.

డాక్టరుగారు వచ్చి చూశారు. "అమ్మా, ఇప్పుడు నీ నడుము బడికెళ్ళే పిల్ల నడుములా ఉంది. వాణ్ణి ఎత్తుకున్నావంటే పాత నొప్పి తిరిగొస్తుంది. మళ్ళీ లేజర్ పెట్టడం కుదరదు."

"తెలిసిన నొప్పే కదండీ," అంది కోటమ్మ.

ఎత్తుకుంది. నడుము పాత వంపుకు వచ్చేసింది. పిల్లాడు భుజం మీద తల వాల్చగానే ఆమె పెదాల మీదికి పదమూడో ఎక్కం దానంతటదే వచ్చింది. డాక్టరుగారు 'రోగి కోరికపై యథాస్థితి' అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్ళారు.

ఆసుపత్రి గేటు దగ్గర అంకారావు తన చేతిలోని మందుల సంచీ అక్కకు అందించాడు.

"ఎటూ వంగావు గదా, ఇది కూడా పట్టుకో."

కోటమ్మ పట్టుకుంది. అతను చేతులూపుకుంటూ ముందు నడిచాడు.