ఎగువ రేవు, దిగువ రేవు

పాతపట్నం దగ్గర మిషను పేట సంఘంలో 1968 ఈస్టరు మరుసటి ఆదివారం, ఆరాధన చివర, కానుకల సంచి తిప్పడానికి ముందు ఒక ముఖ్య ప్రకటన చదివారు. సంఘంలోని పెండ్లికాని యువతీయువకులు ఇకమీదట ఒకరినొకరు ఇష్టపడవచ్చుననీ, అందుకు కమిటీ అనుమతించిందనీ దాని సారాంశం. ఇష్టపడవలసిన సమయం ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం. స్థలం సండేస్కూలు గది. పర్యవేక్షణ సంఘ పెద్ద గణపతిరావు గారు.

ఇంత ఉదారమైన అనుమతి ఊరికే రాలేదు. అంతకు ముందు నెలలో సంఘానికి చెందిన ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ చిన్న రైలు స్టేషనులో ఒకే గొడుగు కింద కనబడ్డారు. ఎండా లేదు, వానా లేదు. అభ్యంతరమంతా అక్కడే వచ్చింది. యువతరాన్ని దారిలో పెట్టాలంటే ముందు వాళ్లకొక దారి చూపించాలని గణపతిరావు గారు వాదించారు. అలా పుట్టింది 'క్రైస్తవ యువజన పరిచయ కూటం'.

కూటం ఏర్పాట్లు లోపం లేకుండా జరిగాయి. గదిలో పొడుగాటి బల్ల. ఈ చివర అమ్మాయి, ఆ చివర అబ్బాయి, నడుమ చేతుల కుర్చీలో గణపతిరావు గారు. నేరుగా మాట్లాడుకుంటే అపార్థాలకు తావుంటుంది కనుక ఎవరేమి అడగదలచినా ఆయనకు చెప్పాలి. ఆయన దాన్ని శుద్ధి చేసి అవతలి వారికి అందజేస్తారు. ఒకరినొకరు 'సహోదరీ', 'సహోదరుడా' అని పిలుచుకోవాలి. పెళ్లి నిశ్చయమైన రోజున ఈ వరస దానంతటదే రద్దవుతుంది.

కూటానికి వెళ్లక తప్పనివాళ్లలో మొదటిది లీలారాణి. మిషను బడిలో టీచరు. తండ్రి లేడు, తల్లి సీతమ్మ సంఘంలో బైబిలు స్త్రీ, అంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేసి, నెలకోసారి కమిటీ చేతి మీదుగా జీతం అందుకునే మనిషి. లీలారాణికి ఇరవయ్యారు నిండాయి. బుధవారం స్త్రీల ప్రార్థనలో ఆమె పెళ్లి కోసం పేరు పెట్టి మొరపెట్టేవారు. వానల తరువాత, బియ్యం ధరకు ముందు ఆమె వంతు వచ్చేది. పాపం, ఆమె కూడా ఆ పక్కనే కళ్లు మూసుకుని కూర్చుని 'ఆమేన్' అనేది.

కూటంలో ఆమెకు చూపించిన మొదటి సహోదరుడు వేదాంత విద్యార్థి. హార్మోనియం వచ్చునా, ఇరవై మందికి వండగలదా, కోపం వస్తుందా అని గణపతిరావు గారి ద్వారా అడిగాడు. మొదటి రెండూ వచ్చునని, మూడోది ఇప్పుడే వస్తోందని ఆమె జవాబిచ్చింది. శుద్ధిలో మూడోది జారిపోయింది. రెండో సహోదరుడు టెక్కలి నుంచి వచ్చిన కాంపౌండరు, భార్య పోయినవాడు. తన పిల్లలను వరసగా నిలబెట్టి కీర్తన పాడించాడు. పాట బాగుంది. మూడో సహోదరుడి తరఫున వాళ్లమ్మే అన్నిటికీ జవాబు చెప్పింది; లీలారాణి ఆమెను చాలా ఇష్టపడింది గాని ఆమెకు అప్పటికే పెళ్లయిపోయింది.

నాలుగో సహోదరుడు ఆదాము. మిషను పేట పిల్లవాడే గాని గరివిడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెద్ద రైలులో నౌపడా దాకా వచ్చి, అక్కడ చిన్న రైలెక్కి, ఇంజను ఆయాసం తీర్చుకున్నచోటల్లా తానూ దిగి కాళ్లు చాపుకుని మొత్తానికి చేరాడు. ఆ రోజు సంఘ విందు. గణపతిరావు గారు కోడికూర రెండుసార్లు వడ్డించుకుని వచ్చారు. ప్రారంభ ప్రార్థన సగంలోనే ఆయన తల గుండె మీదికి వాలింది. పర్యవేక్షణ మాత్రం ఆగలేదు, కళ్లు మూసుకుని సాగింది.

"సహోదరీ," అన్నాడు ఆదాము గొంతు తగ్గించి, "నిద్రపోనాడేటి ఈయన?"

"పోయినట్టే ఉన్నారు."

"అయితే ఒక్క మాటడుగుతాను, నిజం సెప్పండి. ఈ కూటం మీకెలాగున్నాది?"

"నాకాకలేస్తన్నాది," అంది లీలారాణి. ఆ గదిలో కూటం మొదలయ్యాక ఎవరైనా నిజం చెప్పడం అదే మొదలు.

ఆదాము చొక్కా జేబులోంచి వేపిన వేరుసెనగ పొట్లం తీసి బల్ల మీద నెట్టాడు. అది గణపతిరావు గారి మోచేతి కిందుగా సాగి ఆమె దగ్గర ఆగింది.

"ఫ్యాక్టరీల మీ పనేటి?"

"కొలిమి కాడ. సేరిన కొత్తల బయమేసీది. ఇప్పుడూ ఏస్తాది. ఎవలికీ సెప్పనేదు."

అప్పటి దాకా వచ్చిన సహోదరులందరూ తమ సుగుణాలే చెప్పుకున్నారు. లీలారాణి నోటి దాకా తెచ్చుకున్న గింజను చేతిలోనే ఉంచుకుని అతని వంక చూసింది. "నాకూ బయమే," అంది.

"దేనికి?"

"బుధవారం ప్రార్థనకి."

ఆదాము పైకే నవ్వేశాడు. గణపతిరావు గారు ఉలిక్కిపడి లేచి, "ఏ అంశము మీద?" అన్నారు. ప్రసంగం మీద అని ఇద్దరూ ఒక్క నోటితో చెప్పారు. అబ్బాయి భక్తిపరుడని ఆయన మెచ్చుకున్నారు.

అది మొదలు ప్రతి నెలా రెండో ఆదివారం ఆదాము చిన్న రైలు దిగేవాడు. కూటానికి ముందు గణపతిరావు గారికి కోడికూర భోజనం పంపే బాధ్యత లీలారాణి స్వయంగా తీసుకుంది. ఆమె సేవాగుణాన్ని కమిటీ రెండుసార్లు అభినందించింది. వానలు వెనకబట్టే నాటికి ఇద్దరూ ఒక మాటకు వచ్చేశారు. పెండ్లి ప్రకటన చదవమని పాస్టరు పరంజ్యోతి గారిని అడిగారు. ఆయన చాలా సంతోషించి, కమిటీని అడుగుతానన్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్రీస్తులో కులం లేదు. ఈ మాట గుడి గోడ మీద నీలం రంగుతో రాసి ఉంది. ఏటా కొత్త రంగు వేయిస్తారు. అందుచేత సంఘంలో ఎవరూ ఎవరినీ కులం అడగరు. రేవు అడుగుతారు. తాతల కాలంలో మిషను దొరగారు మహేంద్రతనయ ఏటిలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఒక పేటవాళ్లు ఎగువ రేవులో మునిగారు, ఇంకో పేటవాళ్లు దిగువ రేవులో మునిగారు. ఒకే రోజు, ఒకే దొర, ఒకే ప్రార్థన. ఇదేమిటని దొరగారు అడిగితే లోతులో తేడా అన్నారట. ఆయన నమ్మి, ఎగువ నుంచి దిగువకు తడిబట్టలతో ఇసుకలో నడిచి వెళ్లారు. తరువాత గుడిలోనే సిమెంటు తొట్టి కట్టారు. లీలారాణీ ఆదామూ ఇద్దరూ ఆ తొట్టిలోనే మునిగారు. అయినా లీలారాణి ఎగువ రేవు పిల్ల, ఆదాము దిగువ రేవు పిల్లవాడు. ప్రభువు బల్ల ఆచరణలో ద్రాక్షరసం గిన్నె ముందుగా ఎగువ రేవువాళ్లకు అందడంలో కూడా వేరే అర్థం ఏమీ లేదు. వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, అంతే. ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్నది ఎవరూ ఎన్నడూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు.

కమిటీ గుడిలోనే కూర్చుంది. గణపతిరావు గారు లేచి కండువా సర్దుకున్నారు.

"ప్రియులారా! కులమను మాట ఈ నోట వెలువడదు. అది అన్యుల ఆచారము. అయినను సృష్టికర్త పై జలములను క్రింది జలములను వేరుపరచెనా లేదా? వేరుపరచిన వానిని మనము కలుపుటకు ఎంతటివారము? రేవు రేవుకు ఒక సాక్ష్యము కలదు. ఈ యువకుని మేము ప్రేమించుచున్నాము. దూరమునుండి ఇంకను ఎక్కువగా ప్రేమింతుము."

సభ తలలూపింది. ఆడవాళ్ల చాప మీద నుంచి లీలారాణి లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాకొకటి తెలీకడుగుతాను. మా తాత మునిగిన నీరే కదండి కిందకెళ్లి ఆదాము గారి తాతని ముంచింది? మా తాత పాపాలన్నీ కొట్టుకుపోయింది ఆల రేవుకే కదా? అభ్యంతరమంటూ ఉంటే ఆలకుండాల గాని మనకేటండి?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గణపతిరావు గారి గ్రంథభాష ఎటో పోయింది. "నోర్ముయ్యే! రెండచ్చరాలు సదువుకున్నంత మాత్రాన పెద్దలకెదురు సెప్తావేటి? సిగ్గు నేదా?" అని అరిచి, అంతలోనే సర్దుకుని, "సహోదరీ," అని చేర్చారు.

పాస్టరు గారు కళ్లు మూసుకుని దేవుని చిత్తం కోసం కనిపెట్టుకుని కూర్చున్నారు. కళ్లు తెరిచేసరికి తీర్మానం అయిపోయింది. ఈ సంబంధం నీటిమట్టం దృష్ట్యా ఆమోదయోగ్యం కాదని రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్న సీతమ్మ పొయ్యి దగ్గర కదలకుండా కూర్చుంది. కూతురి పెళ్లి మాట ఎలా ఉన్నా, జీతం వచ్చేది కమిటీ చేతి మీదుగా.

"అమ్మా, నువ్వూ వద్దంటావేటి?"

"నాను వద్దంటే మానేస్తావా?"

"మాన్ను."

"మరెందుకే నన్నడగడం?"

లీలారాణి తల్లి ఎదురుగా కూర్చుంది. "దిగువ పేటల ఇన్నేళ్లు తిరిగినావు," అంది. "ఆల పిల్లలికి పేర్లెట్టినావు, ఆల సచ్చినోళ్ల కళ్లు మూసినావు. ఎండలో ఇంటికొచ్చి కుండ కాడ కూలబడిపోతావు. ఆలింట ఒక్కనాడు మంచినీళ్లు తాగినావా?"

"నాకు దాహం తక్కువ," అంది సీతమ్మ. అడిగినవాళ్లకల్లా ఆమె ఎప్పుడూ చెప్పే జవాబు అదే. ఈసారి చెప్పాక తల వంచుకుంది. తరువాత గొడుగు తీసుకుని బయలుదేరింది. లీలారాణి వెనకే నడిచింది.

దిగువ పేటలో ఆదాము తల్లి జగ్గమ్మ వాకిట్లో చోళ్లు ఎండబోస్తోంది. వీళ్లను చూసి కంగారుగా మంచం వాల్చి కొంగుతో దులిపింది.

"ప్రార్థన సేస్తారా అమ్మగారూ?"

"నేదు జగ్గమ్మా. దాహమేస్తన్నాది. నీళ్లియ్యి."

జగ్గమ్మకు అర్థం కాలేదు. "ఉండండమ్మా, సెట్టెక్కించి బొండం దింపిస్తాను. ఎవలూ ముట్టరు, మీరే కొట్టుకుందురు గాని."

"బొండం వద్దు. మీ కుండల నీళ్లు."

జగ్గమ్మ చెంబును బూడిదతో తోమింది. కడిగి, చూసుకుని, మళ్లీ తోమింది. తెచ్చి ఇచ్చేటప్పుడు సగం నీళ్లు ఒలికిపోయాయి. సీతమ్మ చెంబు ఎత్తి పోసుకోలేదు. పెదవులకు ఆనించి గటగటా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుని, "ఇంకా పొయ్యి," అంది.

"ఇన్నేళ్లూ మీకు దాహమే ఎయ్యదనుకున్నానమ్మా," అంది జగ్గమ్మ.

"ఏసీది," అంది సీతమ్మ.

ఆ తరువాత పెళ్లిని ఆపడం కమిటీ వల్ల కాలేదు. విజయనగరంలో రిజిస్ట్రారు ఎదుట, ఇద్దరు తల్లులూ పక్కన నిలబడగా జరిగింది. గుమాస్తా పేర్లు రాసుకుని, కులం అడిగాడు. క్రైస్తవులమన్నాడు ఆదాము. "అది మతమయ్యా. అంతకు ముందు మీరేట్లు, ఏ కులం?" అన్నాడు గుమాస్తా. ఆ ఖానా నింపడం చట్టప్రకారం అవసరమా అని లీలారాణి అడిగింది. అవసరం కాదనీ, తెలుసుకుందామనే అడిగాననీ అతను మర్యాదగా ఒప్పుకున్నాడు.

కొత్త దంపతులను సంఘం ప్రభువు బల్ల నుంచి తప్పించింది. రేవు కారణంగా అని ఎవరూ పొరపడకూడదు; అవిశ్వాసి అయిన అధికారి ఎదుట పెళ్లాడినందుకు. సీతమ్మను బైబిలు స్త్రీ పని నుంచి మాన్పించారు. అది కూడా ఆమె మేలు కోరే. ఇటీవల ఆమెకు దాహం ఎక్కువైనట్టు కమిటీ దృష్టికి వచ్చింది. ఆమె ట్రంకు పెట్టె సర్దుకుని కూతురితో గరివిడి వెళ్లిపోయింది. చిన్న రైలు కదిలేటప్పుడు సాగనంపడానికి గుడివాళ్లెవరూ రాలేదు. దిగువ పేట ఆడవాళ్లు వచ్చారు. వాళ్లను చూశాక గాని ఆమె ఏడవలేదు.

అదే శీతాకాలంలో గణపతిరావు గారి అబ్బాయికి సంబంధం కుదిరింది. కోడలు రాష్ట్ర సరిహద్దు అవతలి పల్లెపిల్ల. వాళ్లింట్లో ఇప్పటికీ గ్రామదేవతకు కోడిని కోస్తారు. కాని ఆ కుటుంబంవారు గణపతిరావు గారి తాతకు స్వయానా బంధువులు. ఎగువ రేవులో మునగకుండా మిగిలిపోయినవాళ్లు. శనివారం సాయంత్రం పిల్లను తొట్టిలో ముంచారు. క్రీస్తు ఎవరని పాస్టరు గారు అడిగితే, తుమ్ముతూ, "మావగారి దేవుడండి," అంది. జవాబు తృప్తికరమని రాసుకున్నారు. ఆదివారం పెళ్లి. నశించిపోతున్న ఒక ఆత్మ రక్షింపబడెనని గణపతిరావు గారు ఉపన్యసించారు. కళ్లు చెమర్చనివాళ్లు లేరు.

పరిచయ కూటం మాత్రం మూతపడలేదు. ఇంత దూరం ఓపికగా చదివిన పాఠకులకు కథ మొదటి నుంచీ ఒక ప్రశ్న నాలుక చివర ఆడుతూ ఉండాలి: ఇంతకీ ఎగువ రేవువాళ్లంటే ఎవరు, దిగువ రేవువాళ్లంటే ఎవరు? మర్యాదస్తులు కనుక పైకి అడగలేదు. ఇంటి పేర్ల కోసం వెతికారు, దొరకలేదు. పేటను బట్టీ మాటను బట్టీ కొంత ఊహించుకున్నారు. అలా ఊహించుకున్నవారికి సంఘం తరఫున హృదయపూర్వక ఆహ్వానం. బాప్తిస్మం తీసుకోనక్కరలేదు. కమిటీలో గణపతిరావు గారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది.