మంత్రిగారి గడ్డం కింద చామంతులు

ఆ ఏడు అరకులోయ ప్రభుత్వ పూలతోటలోని చామంతులు ఎదగరాదని ఉత్తర్వు వచ్చింది. కారణం చిన్నది కాదు. కిందటేడు పూల ప్రదర్శనలో వేదిక ముందు ఎత్తుబల్లల మీద వరసగా పెట్టిన కుండీల్లో చామంతులు ఒళ్లు తెలియకుండా ఎదిగి, కాస్త పొట్టివారైన మంత్రిగారిని నిలువునా మింగేశాయి. పేపర్లో ఫొటో పడితే పూలగుత్తుల మీద కళ్లజోడొక్కటే కనిపించింది. అంత అపచారం చేసిన తోట అధికారి లక్ష్మణరావును ఏజెన్సీ సేవకు తగడని తేల్చి, తక్షణం విజయనగరం పంపించేశారు.

అతని స్థానంలోకి వచ్చినవాడు వరహాలరావు. అనకాపల్లి మనిషి. కొండ చలికి భార్య నాగమణికి ఉబ్బసం పట్టుకుంది. ఆవిడ ఎగరొప్పుతూంటే అతని ప్రాణం ఉసూరుమంటోంది. ఎలాగైనా కిందికి బదిలీ కావాలి. పని బాగా చేసి మంత్రిగారి మెప్పు పొందితే అయిపోతుందని అతని నమ్మకం. పాపం, ఇలాంటి నమ్మకాలు అతనికి ఇంకా చాలా ఉన్నాయి.

"ఎందుకండీ ఆ యాతన? మొక్కల్ని వాటి మానాన ఎదగనీండి. ఎదగనిచ్చినాయనే కదా ఇజీనగరంలో ఉన్నాడు" అంది నాగమణి.

"ఆఫీసు సంగతులు నీకేటి తెలుస్తాయే" అన్నాడు వరహాలరావు.

పట్నం నుంచి ఎదుగుదల ఆపే మందు తెప్పించి, నీళ్లలో కలిపి కుండీల్లో పోయించాడు. కణుపులు దగ్గరపడ్డాయి. ఆకులు ముదురుపచ్చగా నిగనిగలాడాయి. మొక్కలు మాత్రం మోకాలు దాటలేదు.

నీళ్లు పోసే బుధుకు ఓ అనుమానం వచ్చింది. "బాబూ, ఎదగమని ఎరువేస్తన్నాం, ఎదగొద్దని మందేస్తన్నాం. మొక్క ఏటనుకుంటాది?"

"ఎరువు ప్రభుత్వ పథకం. మందు ప్రభుత్వ అవసరం. మొక్కకి అనుకునే అధికారం లేదు."

ప్రదర్శన దివ్యంగా జరిగింది. పూలన్నీ మంత్రిగారి గడ్డం కిందే ఆగి విరగబూశాయి. వారి హృదయం ఉప్పొంగింది.

"గిరిజన సోదరులారా, ఈ చామంతుల్ని చూసి నేర్చుకోండి. ఎంత నిండుతనం, ఎంత అణకువ! ఎంతవరకు ఎదగాలో తెలిసిన మొక్కలివి. మీరూ ఇలాగే ఎదగాలని మా ప్రభుత్వ ఆశయం."

డుంబ్రిగుడ నుంచి లారీల్లో తెచ్చి కూర్చోబెట్టిన జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు వరహాలరావును వేదిక మీదికి పిలిచి దండ వేశారు.

"ఇంతటి సమర్థుణ్ణి ఈ కొండల నుంచి ఎవరూ కదపరాదు. రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంచాలని అధికారులను ఆదేశిస్తున్నాను."

ముందు వరసలో నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. మంత్రిగారి మాట పూర్తయీ కాకముందే మళ్లీ చప్పట్లు. అందరికన్నా ముందు కొట్టినవాడు వరహాలరావే. సంగతి అర్థమయ్యాక ఆపేద్దామనుకున్నాడు గానీ, చుట్టూ అందరూ కొడుతున్నారు. మీరైతే ఆపేవారా?