మొహం చూడని కొట్టు

రండర్రా, దగ్గరగా జరగండి. వెనకున్న వాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి, గొంతు చించుకోవడం నావల్ల కాదు.

ఒక పెద్ద అడవిలో ఏటి ఒడ్డున మెత్తటి ఇసుక దారి ఉండేది. జంతువులు తిండిమూటలు దాని మీదే ఈడ్చుకెళ్ళేవి. మూట ఈడ్చిన గీత పడిందంటే చెరగదు, అందరికీ కనిపిస్తుంది. ఈడ్చిందెవరో మాత్రం తెలియదు. నడుముకు కొమ్మ కట్టుకుని అడుగులు చెరుపుకుంటూ పోవడం అక్కడి అలవాటు.

ఆ దారి చివర కోతి ఒక మార్పిడి కొట్టు పెట్టింది. ముందు గుమ్మంలో ఒక తిండి ఇస్తే, వెనక గుమ్మంలో చిటికెలో ఇంకో తిండి ఇస్తుంది. తను తడిక చాటున ఉంటుంది. పేరడగదు, మొహం చూడదు. నూటికి ఒకటి తీసుకుంటానని బోర్డు మాత్రం కట్టింది.

వానలు రేపో మాపో అనగా ఒక పొద్దున ఉడుత దాచుకున్న మూడువందల సారపలుకులు పోయాయి. తొర్రలో నాలుగు పసికూనలు. పాపం, గీత పట్టుకుని పరుగెత్తింది. గీత కోతి కొట్టు ముందు ఆగిపోయింది.

"పేర్లు అడగకపోవడమే మా వ్యాపారం తల్లీ, చెప్పడానికి నా దగ్గరేముంది?" అంది కోతి.

ఉడుత సింహం కొలువులో మొరపెట్టుకుంది. కాపలా అధికారి ఎలుగుబంటి అయ్యయ్యో అని కళ్ళొత్తుకుని, విచారణ ముంగిసకు అప్పగించింది. చిన్న ప్రాణి, కొట్టు దాకా వెళ్ళి తిరిగొస్తుందిలే అని దాని ధీమా.

ముంగిస కొట్టు వెనక్కి వెళ్ళింది. ఆ పొద్దున వెనక గుమ్మంలోంచి నాలుగు గీతలు బయల్దేరాయి. నాలుగింటి వెంటా ఓపిగ్గా నడిచింది. అన్ని మూటల్లోనూ ఎండు రేగుపళ్ళే. మూడు సారపలుకులకు ఒక ఎండు రేగుపండు కొట్టు ధర. అంటే మూడువందలకు వంద రావాలి. మూడు మూటల్లో పదీ పాతికా మించి లేవు. వందకు దగ్గరగా ఉన్న మూట ఒక్కటే, ఎవరూ ఉండని ఒక రాతి సందులో దొరికింది.

"మూట దొరికింది దొరా, దొంగే దొరకలేదు" అని ముంగిస, కోతిని వెంటబెట్టుకొచ్చి కొలువులో చెప్పింది. "ఒకటి అర్థం కావట్లేదు. బోర్డు ప్రకారం తొంభైతొమ్మిది ఉండాలి. తొంభైఅయిదే ఉన్నాయి. కోతి నాలుగు ఎక్కువ నొక్కినట్టుంది."

ఎలుగుబంటి దిగ్గున లేచింది. "ఒరే కోతీ, నూటికి ఒకటేనని కదరా నాతో అన్నావు?"

కొలువు కొలువంతా ఎలుగుబంటి వైపు తిరిగింది.

కోతి చేతులు నలుపుకుంది. "తమరని తెలిస్తే ఆ ఒక్కటీ తీసుకునేవాణ్ణి కాదండీ."

సింహం ఎలుగుబంటి పదవి ఊడబెరికింది. రేగుపళ్ళు సాక్ష్యం గనక సీలు వేయించి గదిలో పెట్టించింది. ఉడుతను వానాకాలం వెళ్ళాక రమ్మంది. పిల్లల సంగతేమిటి దొరా అని ఉడుత అడిగితే, వాళ్ళను కూడా తీసుకురావచ్చంది.

కాబట్టి పిల్లలూ, దొంగసొత్తు మార్చుకునేటప్పుడు కమీషను దగ్గర గీచిగీచి లెక్కలు చూడకండి.

ఇక లేవండి. అమ్మలు కేకేస్తున్నారు, పోయి అన్నాలు తినండి.