పాస్టరమ్మగారి తరఫున విశ్రాంతి

“రనోలాసి సంఘ విశ్వాసులందరికీ తెలియజేయడమేమనగా, మన సంఘ కాపరి మైస్కె కవెంగియన్ గారు వచ్చే సోమవారం ఉదయం ఆరు గంటల నుండి శనివారం సాయంత్రం ఆరు గంటల వరకు విశ్రాంతి తీసుకోబోతున్నారు. దీనివల్ల ఎవరికీ ఎలాంటి అసౌకర్యం కలగకుండా ఉండేందుకు, ఆ విశ్రాంతిని సంఘ పెద్దలే తీసుకుంటారు.”

ఈ ప్రకటన చర్చి గోపురం మీది మైకులో మూడుసార్లు వినిపించింది. విన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. మంచి ఏర్పాటే చేశారనుకుని లవంగాలు ఎండబోసుకోవడానికి వెళ్ళిపోయారు. మైస్కె పాస్టరమ్మ మాత్రం వంటింట్లో నిలబడే కాఫీ తాగుతూ, అది రెండోసారి వినిపించేదాకా తన గురించేనని గ్రహించలేదు.

దీనంతటికీ మూలం సినడ్ కార్యాలయం, అంటే సంఘాలన్నిటి మీదా పెత్తనం చేసే పై సభ కార్యాలయం, నుంచి వచ్చిన ఒక ఉత్తరం. ‘పరిచర్యలో సృజన, విశ్రాంతి, పిలుపు: వీటి సమతుల్యత గురించి’ అని దాని శీర్షిక. దేవుడంతటివాడు ఆరు రోజులు సృజించి ఏడో రోజు విశ్రమించాడు గనుక, ఆయన సేవకులు ఏడాదిలో ఆరు రోజులైనా విశ్రమించి, ఆ విశ్రాంతిలో ఏదో ఒకటి సృజించి, నెలాఖరులోగా నాలుగు ప్రతుల్లో నివేదిక పంపాలని అందులో ఆదేశించారు. ప్రతి రోజు విశ్రాంతికీ కళ్ళారా చూసిన సాక్షులు ఇద్దరు సంతకం చేయాలి. ఉత్తరం కింద తేదీ చూస్తే, రాసినవారు దాన్ని ఒక ఆదివారం కూర్చుని రాశారని తెలుస్తుంది.

పాస్టరమ్మ ఆ ఉత్తరం చదువుకుని చాలా సంతోషపడింది. ఆమెకు ఆరు రోజులు అక్కర్లేదు. ఒక్క రోజు చాలు.

ఆ ఒక్క రోజు ఎందుకో చెప్పాలి. మూడేళ్ళ కిందట ఆమె ఈ సంఘానికి వచ్చిన కొత్తలో, హేన్ తాత చర్చి కోలింతాంగ్ బాగుచేస్తున్నాడు. ఆ చెక్కపలకల వాద్యాన్ని యాభై ఏళ్ళ కిందట చేసింది కూడా ఆయనే. పలకను కాస్త చెక్కి, సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విని, మళ్ళీ చెక్కుతున్నాడు. అది చూస్తూ నిలబడ్డ పాస్టరమ్మకు ఒక పాట తట్టింది. నాలుగు చరణాలు గడగడా వచ్చేశాయి. అయిదోది వస్తూండగా గేటు దగ్గర ఎవరో “పాస్టరమ్మగారూ” అన్నారు. అప్పటినుంచి ఆ అయిదో చరణం వచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు.

హేన్ తాతకు ఇప్పుడు తొంభై ఒకటి. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది క్రిస్మస్ దాకా పనిచేయవచ్చని పట్నం డాక్టరు చెప్పాడు. ఆయన పాస్టరమ్మను అడిగింది ఒకటే. “ఆ పాట నా సమాధి దగ్గర పాడిద్దామని చూస్తున్నావేమో. అదేం వద్దు. పెట్టెలో పడుకున్నాక నాకేం వినపడుతుంది. ఈ చెవి ఉండగా పాడు.” ఈ మాట అన్నది ఈస్టరప్పుడు. ఇప్పుడు అక్టోబరు. ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టనిది పనెక్కువై కాదు, ఈ మాట గుర్తొచ్చి.

మరి మూడేళ్ళలో ఒక్క రోజు దొరకలేదా అని మీరు అడగవచ్చు. మా ఊళ్ళో పుట్టినరోజంటే కేకు కోసి చేతులు దులుపుకునే వ్యవహారం కాదు. కృతజ్ఞత కూడిక పెట్టాలి. కూడికంటే పాటలు మూడు, ప్రార్థనలు రెండు, ప్రసంగం ఒకటి, ఆపైన వెదురు బొంగులో కాల్చిన పంది మాంసం, బొంగులోనే వండిన కొబ్బరన్నం, నాలుక మీద నిప్పు పెట్టే మిరప తొక్కు. సంఘంలో పదకొండు వందల మంది ఉన్నారు. అందరూ ఏదో ఒక రోజున పుట్టినవాళ్ళే. ఇవి కాక కొత్త ఇళ్ళు, కొత్త మోటారు సైకిళ్ళు, పోయినవాళ్ళ నలభయ్యో రోజులు ఉన్నాయి. ఒకసారి కొత్త రైస్ కుక్కర్‌కు కూడా పాస్టరమ్మ ప్రార్థన చేసి, అందులో వండిన మొదటి అన్నం తిని వచ్చింది. మొదటి ఏడాది జ్వరం వచ్చి ఒకే ఒక్క కూడికకు వెళ్ళలేకపోతే, ఆ ఇంటాయన ఆ సంవత్సరం తన పంది చావడాన్నీ, కూతురు లెక్కల్లో తప్పడాన్నీ, తన ముందు పన్ను ఊడడాన్నీ ఆ గైర్హాజరుకే అంటగట్టాడు. తర్వాత ఆమె జ్వరాన్ని కూడా వెంటబెట్టుకునే కూడికలకు వెళ్ళడం నేర్చుకుంది.

సినడ్ ఉత్తరం మీద చర్చించడానికి సంఘ పెద్దలు సమావేశమయ్యారు. కార్యదర్శి బోయ్‌కె సుమొలాంగ్ గారు కోటు తొడుక్కుని లేచారు. ఆయన కోటు తొడుక్కున్నారంటే ప్రసంగం గంటకు తక్కువ ఉండదని అందరికీ తెలుసు.

“ప్రియ సహోదరీ సహోదరులారా, విశ్రాంతి అనేది చిన్న బాధ్యత కాదు. ఆరు రోజుల విశ్రాంతిని ఒక్క ఆడకూతురి భుజాల మీద పడేసి, మనం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుందామా? మన తాతలు ఈ కొండ మీద అడవి నరికింది ఒంటరిగానా? మపలుస్ కట్టి నరికారు. ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. పనిని పంచుకున్న ఈ జాతి విశ్రాంతిని పంచుకోలేదా? రోజుకొకరం పాస్టరమ్మగారి పేరు మీద విశ్రమిద్దాం. ఆ భారం ఆవిడ ఒంటి మీద పడకుండా చూద్దాం.”

చప్పట్లు మోగాయి. స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఆల్చె పంగ్‌కెయ్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత ప్రేమను ఏ సంఘం ఏ కాపరికి చూపించి ఉంటుంది?

“మరి ఆ ఆరు రోజులూ నేనేం చెయ్యాలండీ?” అని పాస్టరమ్మ అడిగింది.

“మీరేం చెయ్యొద్దండీ. మీ మామూలు పనులు మీరు చూసుకోండి, చాలు,” అన్నారు బోయ్‌కె గారు.

పట్టిక తయారైంది. ఆరు వంతులకు ఇరవై రెండు పేర్లు వచ్చాయి. ఇంత త్యాగబుద్ధి మా సంఘంలో ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గోపురం రంగులప్పుడు మనుషులు కావాలని మైకులో వారం రోజులు పిలిస్తే ఒక్కరు వచ్చారు. ఆయన కూడా ఆ దారిన పోతూ వచ్చిన పొరుగూరి మనిషి.

సోమవారం తెల్లవారుజామున మపలుస్ పద్ధతి ప్రకారం వెదురు బొంగు మోగించి ఊరందరినీ లేపి, విశ్రాంతి మొదలైందని చెప్పారు. ప్రార్థన లేకుండా మపలుస్ మొదలుకాదు గనుక పాస్టరమ్మ ఆరింటికల్లా బోయ్‌కె గారింటికి వెళ్ళి ప్రారంభ ప్రార్థన చేసింది. ప్రార్థన లేకుండా ముగియదు గనుక సాయంత్రం మళ్ళీ వెళ్ళింది. మధ్యలో మూడు పుట్టినరోజులు, ఒక మోటారు సైకిలు యథావిధిగా జరిగాయి. బోయ్‌కె గారు వసారాలో పేము కుర్చీలో పడుకుని అకుంఠిత దీక్షతో విశ్రమించారు. సృజన కింద మీసాన్ని కొత్త రకంగా కత్తిరించుకున్నారు. సాక్షులు రెండింటికీ సంతకం పెట్టారు.

మంగళవారం ఆల్చె గారి వంతు. ఆవిడ విశ్రమిస్తుంటే చూడడానికి నలభై మంది వచ్చారు. వచ్చినవాళ్ళకు భోజనం పెట్టకపోతే పరువేం కావాలి? కాబట్టి ఆవిడ కోడలు తెల్లవారుజామున మూడింటికి లేచి వండింది. ఆల్చె గారు పడుకున్న చోటినుంచే ఉప్పు సరిపోలేదని చెప్పి సృజనకు కూడా లోటు రానివ్వలేదు.

బుధవారం బడి పెద్ద నోల్డి మాస్టారు గురకపెట్టి నిద్రపోయారు. నిద్ర విశ్రాంతి కిందికి వస్తుందా, లేక విశ్రాంతిని నిర్లక్ష్యం చేయడం కిందికి వస్తుందా అని సాక్షుల మధ్య వాదన వచ్చింది. తీర్పు చెప్పమని మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్న పాస్టరమ్మను పిలిపించారు. గురువారం వర్షం. తడవకుండా విశ్రమించడానికి పందిరి వేశారు. పందిరికి పాస్టరమ్మ ప్రార్థన చేసింది. శుక్రవారం వంతు కోసం ఇద్దరు పెద్దలు కొట్టుకున్నంత పనిచేస్తే, ఆమే సర్దిచెప్పి పూటకొకరికి పంచింది. ఆ రోజు ప్రారంభ ప్రార్థనలు రెండు, ముగింపు ప్రార్థనలు రెండు అయ్యాయి. తన పేరు మీద ఊరంతా ఇంత విశ్రాంతి తీసుకున్నాక కూడా తనకెందుకు మోకాళ్ళు లాగుతున్నాయో పాస్టరమ్మకు అర్థం కాలేదు. అయిదో చరణం సంగతి సరే, ఆ వారంలో మొదటి నాలుగూ కూడా మరిచిపోయేలా ఉంది. శుక్రవారం రాత్రి మంచం మీద కూర్చుని ఆమె ఏడ్చింది. కాసేపే ఏడ్చింది. పొద్దున ప్రార్థన ఉంది మరి.

శనివారం హేన్ తాత వంతు. మాజీ పెద్ద అని గౌరవార్థం ఆయన పేరు చేర్చారు. ఆమె బైబిలు తీసుకుని బయలుదేరబోతుంటే తాతే నల్లకోటు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు. సాక్షిగా నియమితులైన బోయ్‌కె గారు వెనకాల రొప్పుతూ వచ్చారు.

“ఏంటి తాతా, నేనే వస్తున్నా కదా,” అంది ఆమె.

“నువ్వొచ్చి ఏం చేస్తావ్? నన్ను విశ్రాంతి తీసుకోమని ప్రార్థన చేస్తావా? పదహారేళ్ళుగా మా ఇంటి అరుగు మీద నేను చేస్తున్నదేంటి? దానికి ఇవాళొక్కరోజు నీ పేరు పెడితే నీ మోకాళ్ళ నొప్పి తగ్గుద్దా?”

“పట్టికలో అలా రాసుందండీ...” అన్నారు బోయ్‌కె గారు.

“మపలుస్ అంటే ఏంట్రా బోయ్‌కె? నీ చేలో నేను దిగితే నా చేలో నువ్వు దిగాలి. మీరందరూ ఈ పిల్ల చేలో పడుకుని దొర్లి వచ్చారు. నేను దిగుతా. ఇవాళ్టి కూడికలు నాలుగూ నావి. నా పని ఈ పిల్ల చెయ్యాలి.”

“మీ పనేంటి తాతా?” అంది పాస్టరమ్మ.

“అరుగు మీద కూర్చోవాలి. ఎవడు పిలిచినా పలక్కూడదు. కష్టమేలే, అలవాటైతే వస్తుంది.”

ఇది నిబంధనలకు విరుద్ధమనీ, విశ్రాంతి తీసుకోవలసిన వ్యక్తే విశ్రాంతి తీసుకుంటే ఏర్పాటంతా ఏమైపోతుందనీ బోయ్‌కె గారు చాలాసేపు చెప్పారు. తాత శ్రద్ధగా తల ఊపుతూ కుడి చెవి అటు పెట్టి విన్నాడు. చెప్పడం అయ్యాక బయలుదేరి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాలుగిళ్ళలోనూ తాతే కూడికలు జరిపాడు. ఎక్కువసేపు నిలబడలేడు కాబట్టి ప్రసంగం రెండు నిమిషాలు. “పుట్టావు. మంచిదే. ఇరుగుపొరుగును ఏడిపించకు. ఆమెన్.” సంఘ చరిత్రలో మొదటిసారిగా కూర వేడిగా ఉండగానే జనం పళ్ళేలు అందుకున్నారు. పాస్టరమ్మ రాలేదేమని ఎవరూ అడగలేదు. నాలుగో ఇంట్లో మాత్రం ఒకావిడ, ఈయన్నే ప్రతి ఏడూ పంపితే బాగుండునని గట్టిగానే అంది.

పాస్టరమ్మ తాత అరుగు మీద కూర్చుంది. మొదటి గంటలో పదకొండుసార్లు లేచి గేటు వైపు చూసింది. ఎవరూ రాలేదు. అక్కడ కూర్చునే మనిషిని ఎవరూ ఏ పనికీ పిలవరన్నది ఊరికి అలవాటు. తర్వాత ఆమె నిద్రపోయింది. మధ్యాహ్నం లేచేసరికి ఎదురింట్లో ఎవరో కట్టెలు కొడుతున్నారు. ఆ చప్పుడులోంచి అయిదో చరణం తాపీగా నడిచి వచ్చింది. ఆరోదీ వచ్చింది. నాలుగింటికి పాట పూర్తయింది.

తాత చేతిలో నాలుగు కూర పొట్లాలతో తిరిగి వచ్చాడు. ఆమె ఆయన ఎడమ పక్కన కూర్చుని, చెవి దగ్గర వంగి మొదటినుంచి చివరిదాకా పాడింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఇంకోసారి పాడు,” అన్నాడు.

రెండోసారి అయ్యాక, “దీనికి మూడో పలక శ్రుతి కొంచెం తగ్గించాలి. సోమవారం వచ్చి చెక్కుతా,” అన్నాడు. మూడేళ్ళలో మైస్కెకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. వాక్యం చెప్పినప్పుడు కలగలేదు, బాప్తిస్మాలప్పుడూ కలగలేదు. అందుకామె సిగ్గుపడలేదు కూడా. పొట్లాలు విప్పి ఇద్దరూ తిన్నారు.

తర్వాత జరిగినదంతా పద్ధతి ప్రకారమే జరిగింది. నివేదికను పరిశీలించిన సంఘ పెద్దలు శనివారం నాటి విశ్రాంతిని కొట్టివేశారు. విశ్రాంతి తీసుకున్న వ్యక్తి అధికారికంగా నియమితురాలు కాదు, సాక్షి సంతకాలు లేవు, పైగా ఆమె నిజంగానే విశ్రమించినట్టు అనుమానాలున్నాయి. మిగతా అయిదు రోజులూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. సృజన అన్న గడిలో మీసమూ, ఉప్పూ నమోదయ్యాయి. పాట సంగతి రాయలేదు, అది చెల్లని రోజున తయారైంది గనుక. సినడ్ కార్యాలయం చాలా ముచ్చటపడి, ప్రాంతమంతటిలో అత్యుత్తమ విశ్రాంత సంఘమని ప్రశంసాపత్రం పంపింది. దాన్ని బోయ్‌కె గారు కోటు తొడుక్కుని అందుకున్నారు. దాని ఊరేగింపు ముందు పాస్టరమ్మ ప్రార్థన చేసింది.

వచ్చే ఏడాది పట్టికకు ఇప్పటికే నలభై ఏడు పేర్లు వచ్చాయి. పాస్టరమ్మగారి పనిని ఒక రోజు చేయదలచినవారి కోసం పక్కన ఇంకో గడి ఉంచారు. అందులో తొంభై ఒక్కేళ్ళ చేత్తో రాసిన ఒక్క పేరే ఉంది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, మా ఊరివాళ్ళు ఏమీ అనుకోరు. వాళ్ళు కనీసం ఎవరు ఎవరి పేరు మీద విశ్రమిస్తున్నారో కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, చర్చి గోడకు అంటించారు. కాళ్ళు బారజాపుకుని మీరు ఈ కథ చదివిన ఈ పావుగంట ఎవరిదో, ఒక్కసారి మీ వంటింట్లోకి తొంగి చూసి రండి. చూశాక ఇటు రాకపోయినా ఫరవాలేదు.